కణం క్రోమోజోములను ఒక్కసారే నకలు చేసుకోవడం: పోస్ట్‌డాక్‌కు ఇంకా మిగిలి ఉన్న ప్రశ్న ఏది?

హైదరాబాద్_ఈకోలై (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. హైదరాబాదులో బాక్టీరియా జన్యుశాస్త్రంలో పీహెచ్‌డీ థీసిస్ రాస్తున్నాను. ఈ. కోలై అనే బాక్టీరియా తన క్రోమోజోము ప్రతికృతిని, అంటే నకలు తీయడాన్ని, ఎప్పుడు మొదలుపెట్టాలో ఎలా తేల్చుకుంటుందన్నది నా అంశం. పోస్ట్‌డాక్‌లో ఇదే ప్రశ్నను కేంద్రకం ఉన్న కణాల్లో పట్టుకోవాలని ఉంది. ఈ రంగంలో పనిచేస్తున్న వారి అభిప్రాయం కోరుతున్నాను.

బాక్టీరియాలో సంగతి కొంతవరకు తేటగా ఉంది. దాదాపు 46 లక్షల బేస్ జంటలున్న వలయానికి ఆరంభ స్థానం ఒక్కటే, అది సుమారు 245 బేస్ జంటల పొడవుండే ఓరీసీ. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును పట్టుకున్న డ్నాఏ ప్రోటీను తగినంత చేరగానే అక్కడ పేటలు విడివడతాయి. పని మొదలయ్యాక ఆ స్థానంలో ఉన్న 11 జీఏటీసీ అక్షర వరుసలకు కొత్త పేట మీద ఇంకా మిథైల్ గుర్తు పడి ఉండదు కాబట్టి, సీక్‌ఏ ప్రోటీను వచ్చి వాటిని కప్పేస్తుంది. ఈలోగా హెచ్‌డీఏ అనే మరో ప్రోటీను డ్నాఏ మీది ఏటీపీని ఏడీపీగా మార్చి దాని జోరు తగ్గిస్తుంది. వెంటనే రెండోసారి మొదలుకాకుండా ఇన్ని ఏర్పాట్లున్నాయి.

మనిషి కణంలో ఆరంభ స్థానాలు వేల సంఖ్యలో ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ ఒకే చక్రంలో రెండుసార్లు పనిచేయకూడదు, ఏ భాగమూ నకలు కాకుండా మిగిలిపోకూడదు. 2015లో ఈస్ట్ ప్రోటీన్లను శుద్ధి చేసి గాజు గొట్టంలోనే నియంత్రణతో సహా ప్రతికృతిని మొదలుపెట్టించారని చదివాను. ప్రధాన సమస్య అక్కడితో తీరిపోయినట్టేనా? నాకు రెండు చోట్ల అవకాశం కనిపిస్తోంది. ఒకటి శుద్ధ ప్రోటీన్లతో ఈస్ట్ మీద పనిచేసే ల్యాబ్, రెండోది మనిషి కణాల మీద పనిచేసేది. ఎటు వెళ్ళినా అక్కడి నుంచి నేను నాతో తెచ్చుకోదగిన ప్రశ్న ఒకటి ఉండాలన్నది నా కోరిక.

జీవశాస్త్ర_అధ్యాపకుడు

మీ ప్రశ్న చూసి చాలా సంతోషించాను. నేను డిగ్రీ విద్యార్థులకు కణ విభజన చెప్పేటప్పుడు 1970 నాటి ఒక ప్రయోగంతోనే మొదలుపెడతాను. ఏ ప్రశ్న మిగిలిందో తెలియాలంటే మొదటి ప్రశ్నను ఎలా అడిగారో తెలియాలి కనుక దాన్ని ఇక్కడా చెబుతాను.

అమెరికాలోని కొలరాడోలో పోటు ఎన్. రావు, రాబర్ట్ జాన్సన్ కలిసి ల్యాబ్‌లో పెంచే హీలా అనే మనిషి క్యాన్సర్ కణాలను వేర్వేరు దశల్లో ఆపి, నిర్వీర్యం చేసిన సెండాయ్ వైరస్ సాయంతో రెండేసి కణాలను ఒకటిగా కలిపేశారు. అప్పుడు ఒకే కణద్రవ్యంలో రెండు కేంద్రకాలు పక్కపక్కన ఉంటాయి. డీఎన్ఏ తయారవుతున్న ఎస్ దశ కణాన్ని, ఇంకా మొదలుపెట్టని జీ1 కణంతో కలిపితే, జీ1 కేంద్రకం తన సమయానికి ముందే డీఎన్ఏ తయారీకి దిగింది. అదే ఎస్ దశ కణాన్ని, అప్పటికే నకలు పూర్తిచేసిన జీ2 కణంతో కలిపితే జీ2 కేంద్రకం కదల్లేదు. అంటే మొదలుపెట్టించే శక్తి ఎస్ దశ కణద్రవ్యంలో ఉంది, కానీ ఆ మాట వినే అర్హత జీ1 కేంద్రకానికి ఉండి జీ2 కేంద్రకానికి లేకుండా పోయింది. ఈ నలభై, యాభై ఏళ్ళ పరిశోధన అంతా ఆ అర్హత ఏమిటో, అది ఎప్పుడు వచ్చి ఎప్పుడు పోతుందో తెలుసుకోవడమే. పోటు అనే ఇంటి పేరు చదవగానే మా తరగతిలో పిల్లలు ఒక్కసారి తలెత్తి చూస్తారు, అది నాకు ప్రతి ఏటా ఆనందమే.

1988లో కేంబ్రిడ్జిలో జూలియన్ బ్లో, రాన్ లాస్కీ జినోపస్ కప్ప గుడ్ల సారంతో తర్వాతి అడుగు వేశారు. ఆ సారంలో వేసిన కేంద్రకం ఒక్కసారి నకలు చేసుకుని ఆగిపోతుంది. సమవిభజన దాటితేనో, కేంద్రక త్వచానికి రంధ్రాలు పడేలా చేస్తేనో మళ్ళీ నకలు చేసుకుంటుంది. కాబట్టి త్వచం విచ్చుకున్నప్పుడే డీఎన్ఏను చేరగలిగే ‘లైసెన్సు’ కారకం ఒకటి ఉందనీ, ప్రతికృతితో అది ఖర్చయిపోతుందనీ వారు ప్రతిపాదించారు. ఊహ ఎంతో అందంగా ఉంది కానీ ఈస్ట్‌లో సమవిభజన జరిగేటప్పుడు కేంద్రక త్వచం విచ్చుకోనే విచ్చుకోదు. అయినా ఈస్ట్ కూడా ఒక్కసారే నకలు చేసుకుంటుంది. కనుక అసలు తాళం త్వచంలో లేదు. అక్కడి నుంచి ఈస్ట్ మీద పనిచేసేవారు చెబితే బాగుంటుంది.

మొగ్గఈస్ట్

అధ్యాపకుల వారు వదిలిన చోటు నుంచే అందుకుంటాను. నేను మొగ్గ తొడిగే ఈస్ట్ ప్రోటీన్లతో పోస్ట్‌డాక్ చేస్తున్నాను.

1979లో స్టాన్‌ఫర్డ్‌లో ఈస్ట్ క్రోమోజోములోని ఒక ముక్కకు, తాను చేరిన ప్లాస్మిడ్ అనే చిన్న డీఎన్ఏ వలయాన్ని స్వతంత్రంగా నకలు చేయించే శక్తి ఉందని చూపారు. 1984లో కార్నెల్‌లో బిక్ టై బృందం అలాంటి చిన్న క్రోమోజోములను నిలుపుకోలేని ఈస్ట్ ఉత్పరివర్తనాలను ఏరింది. ఇవాళ మనం ఎంసీఎం అంటున్న ప్రోటీన్లకు ఆ పేరు అక్కడ వచ్చింది. 1992లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్‌లో బ్రూస్ స్టిల్‌మన్ దగ్గర పోస్ట్‌డాక్‌గా ఉన్న స్టీఫెన్ బెల్, ఆరంభ స్థానాన్ని గుర్తించే ఆరు ప్రోటీన్ల సముదాయం ఓఆర్‌సీని వేరుచేశారు. అదే ల్యాబ్‌లో అంతకుముందు పోస్ట్‌డాక్ చేసిన జాన్ డిఫ్లీ ఇంగ్లండ్‌లో తన సొంత ల్యాబ్ పెట్టుకుని, జీ1లో ఆరంభ స్థానం మీద ఓఆర్‌సీకి అదనంగా ఇంకేదో కూర్చుని ఉంటుందనీ, ఎస్ దశ మొదలయ్యాక అది కనిపించదనీ 1994లో చూపారు. ఆ అదనంగా కూర్చున్నదే లైసెన్సు.

దాని స్వరూపం ఇప్పుడు తెలుసు. ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1 కలిసి ఎంసీఎం2-7 అనే ఆరు ముక్కల ఉంగరాన్ని తెరిచి డీఎన్ఏకు తొడుగుతాయి. ఒక్కటి కాదు, రెండు ఉంగరాలను ఎదురెదురుగా తొడుగుతాయి. అలా తొడిగిన జంట పేటలను విప్పదు, కదలకుండా కాచుకుని ఉంటుంది. దీన్ని 2009లో రెండు బృందాలు శుద్ధ ప్రోటీన్లతో చూపాయి, వాటిలో ఒకటి డిఫ్లీ దగ్గర డిర్క్ రెముస్ పోస్ట్‌డాక్‌గా చేసిన పని.

ఇది బల్ల మీద ఎలా తేలుతుందో చెబుతాను, ఎందుకంటే ఈ రంగంలో చాలా వాదాలు ఈ ఒక్క పరీక్ష మీదే ఆధారపడతాయి. ద్రవ నత్రజనిలో బొట్లు బొట్లుగా గడ్డకట్టించిన ఈస్ట్‌ను పొడిచేసి, అందులోంచి ఒక్కొక్క ప్రోటీనును శుద్ధి చేసుకుంటాం. అయస్కాంత పూసలకు డీఎన్ఏను అంటించి, దాని మీద ఓఆర్‌సీ, సీడీసీ6, సీడీటీ1-ఎంసీఎం, ఏటీపీ వేసి కొంతసేపు ఉంచుతాం. ఆ తర్వాత 0.5 మోలార్ ఉప్పు ద్రావణంతో కడుగుతాం. ఓఆర్‌సీ, సీడీసీ6 ఆ కడుగుకు ఊడిపోతాయి. ఎంసీఎం మాత్రం మిగులుతుంది, ఎందుకంటే అది డీఎన్ఏకు అతుక్కుని లేదు, డీఎన్ఏ దాని మధ్యలోంచి పోతోంది. ఏటీపీ బదులు విరగని ఏటీపీ నకలు వేస్తే ఎంసీఎం కూడా కడుగులో పోతుంది. జెల్ మీద ఆ గీత ఉందా లేదా అన్నది చూసి లైసెన్సు పడిందో లేదో చెప్పేయవచ్చు.

నియంత్రణ అంతా రెండు అడుగులను రెండు వేర్వేరు సమయాలకు విడదీయడంలో ఉంది. ఉంగరాలు తొడగడం సీడీకే అనే కైనేజ్ (ఇతర ప్రోటీన్ల మీద ఫాస్ఫేటు తగిలించే ఎంజైమ్) తక్కువగా ఉన్నప్పుడు, అంటే సమవిభజన చివరి నుంచి జీ1 దాకా మాత్రమే జరుగుతుంది. తొడిగిన ఉంగరాలను నడిపించాలంటే సీడీకే, డీడీకే అనే రెండు కైనేజులూ కావాలి. డీడీకే ఎంసీఎం మీద ఫాస్ఫేటు తగిలిస్తుంది. సీడీకే తగిలించవలసిన ముఖ్యమైన రెండు ప్రోటీన్లు ఎస్‌ఎల్‌డీ2, ఎస్‌ఎల్‌డీ3 అని 2007లో జపాన్ బృందం ఒకటి, ఫిలిప్ జెగర్‌మన్, డిఫ్లీ విడిగా చూపారు. అప్పుడు సీడీసీ45, జిన్స్ అనే ప్రోటీన్లు వచ్చి ఎంసీఎంతో చేరి, సీఎంజీ అనే పనిచేసే హెలికేజ్, అంటే పేటలను విప్పే యంత్రం, తయారవుతుంది. ఆ సీడీకేయే కొత్త ఉంగరాలు తొడగడాన్ని ఆపేస్తుంది. ఏ చేయి నడిపిస్తుందో అదే చేయి తలుపు మూస్తుంది కనుక రెండు పనులూ ఒకే సమయంలో జరిగే వీలు లేదు. మీరు చెప్పిన 2015 పని జోసెఫ్ యీల్స్ డిఫ్లీ దగ్గర పోస్ట్‌డాక్‌గా చేసింది. 42 పాలీపెప్టైడ్లతో కూడిన 16 కారకాలను శుద్ధి చేసి ఈ క్రమం మొత్తాన్ని నడిపించారు. ఏవేవి ఉంటే చాలో ఆ పని చెప్పింది. జీవకణంలో ఎంత, ఎప్పుడు అన్న ప్రశ్నలు వేరు, అవి ఇంకా ఉన్నాయి.

హైదరాబాద్_ఈకోలై

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. సీడీకే కొత్త లైసెన్సులను ఆపుతుందన్నారు. అది ఒక్క ప్రోటీను మీద పనిచేసి ఆపుతుందా, లేక చాలా చోట్ల పనిచేస్తుందా? బాక్టీరియాలో సీక్‌ఏ ఒక్కదాన్ని తీసేసినా కణం బతుకుతుంది, కానీ ఆరంభాలు అదుపు తప్పుతాయి. ఈస్ట్‌లో ఒక తాళం తీస్తే ఏమవుతుంది?

మొగ్గఈస్ట్

ఒక్క తాళం తీస్తే దాదాపు ఏమీ కనిపించదు, అసలు విషయం అదే. 2001లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జోకిమ్ లీ బృందం చేసిన పనిని ఈ రంగంలోకి వచ్చే ప్రతి ఒక్కరూ అక్షరం వదలకుండా చదవాలని నా అభిప్రాయం.

ఈస్ట్‌లో సీడీకే మూడు వైపులా కాపు కాస్తుంది. ఓఆర్‌సీ మీద ఫాస్ఫేటు తగిలిస్తుంది, సీడీసీ6ను నాశనానికి పంపుతుంది, ఎంసీఎంను కేంద్రకం బయటికి తోలుతుంది. వారు ఫాస్ఫేటు తగలని ఓఆర్‌సీ, ఎప్పుడూ కేంద్రకంలోనే ఉండే ఎంసీఎం, నాశనం కాని సీడీసీ6 మూడింటినీ ఒకే కణంలో చేర్చారు. కణాలను జీ2, సమవిభజనల మధ్య ఆపి, గెలాక్టోజ్ చక్కెర వేసి సీడీసీ6 తయారీని మొదలుపెట్టించారు. ఒకటి, రెండు తాళాలు తీసినప్పుడు కణంలో డీఎన్ఏ పరిమాణం రెండింతల దగ్గరే నిలిచింది. మూడూ తీశాక, ఒక్కొక్క కణంలో డీఎన్ఏ ఎంతుందో కొలిచే ఫ్లో సైటోమీటర్ గ్రాఫులో ఆ శిఖరం కుడివైపుకు, అంటే ఎక్కువ డీఎన్ఏ వైపుకు, జరగడం మొదలుపెట్టింది. అప్పుడు కూడా జన్యుపదార్థం మొత్తం రెండోసారి నకలు కాలేదు, కొన్ని ఆరంభ స్థానాలే మళ్ళీ పనిచేశాయి. అంటే ఇంకా తాళాలున్నాయి.

దీని ఫలితం మీద 2010లో అదే బృందం ఇంకో ముఖ్యమైన పని ప్రచురించింది. ఒక్క ఆరంభ స్థానం కొద్దిగా అదుపు తప్పి రెండోసారి పనిచేసినా, ఆ చుట్టుపక్కల జన్యువులు ఒకదాని పక్కన ఒకటిగా రెట్టింపై స్థిరపడిపోతాయని చూపారు. కణం చావదు, జన్యువుల సంఖ్య మారిపోతుంది. క్యాన్సర్ కణాల్లో కనిపించే జన్యు విస్తరణకు ఇది ఒక దారి కావచ్చునన్న ఆలోచన అందుకే బలపడింది. మీరు ఈస్ట్ ల్యాబ్‌కు వెళ్తే, పదార్థం శుద్ధి చేయడమే చాలా కాలం తీసుకుంటుందని ముందే తెలిసి ఉండడం మంచిది. కానీ ఆ పనిలో వచ్చే నిశ్చయం వేరే చోట రాదు.

ఫైబర్_గీతలు

నేను మనిషి కణాల మీద పనిచేస్తాను. పై మాటల్లో తప్పేమీ లేదు కానీ ఈస్ట్‌ను చూసి మనిషి కణం తెలిసిపోయిందనుకోవడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మొగ్గ ఈస్ట్‌లో ఓఆర్‌సీ ఒక నిర్దిష్ట అక్షర వరుసను గుర్తిస్తుంది. మన కణాల్లో అలాంటి వరుస లేదు. క్రోమాటిన్ (ప్రోటీన్లకు చుట్టుకుని ఉన్న డీఎన్ఏ) తెరిచి ఉన్న చోట్ల, జన్యువులు చురుకుగా ఉన్న చోట్ల ఎక్కువ ఆరంభాలు జరుగుతాయి, అంతే. తాళాల్లోనూ తేడా ఉంది. ఈస్ట్‌లో లేని జెమినిన్ అనే ప్రోటీను మన కణాల్లో సీడీటీ1ను పట్టుకుని కూర్చుంటుంది. దీన్ని 1998లో మెక్‌గ్యారీ, కిర్ష్నర్ కప్ప గుడ్ల సారంలో కనుక్కున్నారు. అది కాక, ఎస్ దశలో, నకలు జరుగుతున్న చోట డీఎన్ఏ మీద ఉండే పీసీఎన్ఏ ఉంగరం మీద చిక్కిన సీడీటీ1ను సీఆర్ఎల్4 అనే ఎంజైమ్ సముదాయం నాశనానికి గుర్తు వేస్తుంది. అంటే ప్రతికృతి జరుగుతూ ఉండడమే లైసెన్సు కారకాన్ని తుడిచిపెట్టే సంకేతం అవుతుంది.

ఇంకా లోతైన తగవు కూడా ఒకటి ఉంది. 2016లో అనింద్య దత్తా బృందం ఒక క్యాన్సర్ కణజాతిలో ఓఆర్‌సీ1ను, విడిగా ఓఆర్‌సీ2ను తీసేసినా కణాలు పెరుగుతూనే ఉన్నాయని ప్రచురించింది. 2021లో స్టిల్‌మన్ బృందం, ఓఆర్‌సీ లేకపోతే లైసెన్సింగ్ కుదరదనీ, అది అత్యవసరమేననీ వాదించింది. ఆరు ముక్కల్లో ఒకటి లేకుండా మిగిలినవి ఎంత పని చేయగలవు, కణం అలవాటుపడడానికి ఎంత సమయం తీసుకుంటుంది అన్నవి ఇంకా తేలలేదు. 2023లో హాంకాంగ్ బృందం మనిషి కణాల నుంచి వేరుచేసిన ఎంసీఎం జంటల మధ్య డీఎన్ఏ అప్పటికే కొద్దిగా విచ్చుకుని ఉందని చూపింది, ఈస్ట్‌లో అలా లేదు. ఆ పనిలో 1984 నాటి బిక్ టై కూడా ఉన్నారు, దాదాపు నాలుగు దశాబ్దాలు ఒకే ప్రోటీను వెంట నడవడం ఎంత గొప్ప విషయమో చూడండి.

కొత్తగా వచ్చేవారు ఫైబర్ పరీక్ష నేర్చుకోవాలని గట్టిగా చెబుతాను. కణాలకు ముందు ఒక మార్పు చేసిన థైమిడిన్ (డీఎన్ఏలో చేరే ముడిపదార్థం), ఆ తర్వాత రెండోది, ఒక్కొక్కటి ఇరవై నిమిషాల పాటు ఇస్తాం. గాజు పలక మీద కణాలను కరిగించి, పలకను కొద్దిగా వాల్చి పట్టుకుంటే డీఎన్ఏ పోగులు కిందికి జారుతూ సాగుతాయి. రెండు రంగుల యాంటీబాడీలు వేశాక సూక్ష్మదర్శినిలో ఎర్ర గీత, దాన్ని ఆనుకుని పచ్చ గీత కనిపిస్తాయి. ఒక మైక్రాన్ గీత అంటే సుమారు 2,600 బేస్ జంటలు, కాబట్టి స్కేలుతో కొలిచి ఫోర్కు, అంటే పేటలు విడివడుతూ నకలు జరుగుతూ ముందుకు సాగే చోటు, ఎంత వేగంగా కదులుతోందో చెప్పవచ్చు. మామూలు కణంలో అది నిమిషానికి వెయ్యి నుంచి రెండు వేల బేస్ జంటలు. మధ్యలో ఎర్ర గీత, రెండు పక్కలా పచ్చ గీతలు ఉంటే అక్కడ ఒక ఆరంభం జరిగిందని అర్థం. పలక వాలు సమంగా లేకపోతే పోగులు ముద్దగా పడిపోయి కొలతే ఉండదు. చేతికి అలవాటు కావలసిన పని.

శిశువైద్యురాలు

పరిశోధన రంగం నాది కాదు, కానీ ఈ చర్చలో ఒక ప్రశ్న అడగాలనిపించింది. మయర్-గోర్లిన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు ఎత్తు తక్కువ, చెవులు చిన్నవి, మోకాలి చిప్ప చిన్నదిగా ఉంటుంది లేదా అసలే ఉండదు. 2011లో దీనికి కారణం ఓఆర్‌సీ1, ఓఆర్‌సీ4, ఓఆర్‌సీ6, సీడీటీ1, సీడీసీ6 జన్యువుల్లోని లోపాలని తేలింది. ఆ తర్వాత 2015లో, నాశనం కాని జెమినిన్ తయారయ్యే కొత్త ఉత్పరివర్తనాల వల్ల కూడా ఇదే వ్యాధి వస్తుందని చూపారు. ఇవన్నీ మీరు పైన చెప్పిన పేర్లే. లైసెన్సింగ్ పాడైతే క్యాన్సర్ రావాలి కదా, పిల్లవాడు చిన్నగా ఎందుకు పుడతాడు?

ఫైబర్_గీతలు

డాక్టర్ గారూ, ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తని వైపు మీరు ఎత్తారు. మేమంతా రెండోసారి నకలు కాకుండా ఎలా ఆపుతుందన్న దాని గురించే రాశాం. మీరు చెప్పిన పిల్లల్లో లైసెన్సులు ఎక్కువ కావడం లేదు, తక్కువ పడుతున్నాయి. జెమినిన్ నాశనం కాకపోతే అది జీ1లో కూడా సీడీటీ1ను పట్టుకుంటుంది, కనుక ఫలితం అదే. తగినన్ని లైసెన్సులు పడడానికి ప్రతి కణం ఎక్కువ సమయం తీసుకుంటే, పెరిగే పిండంలో మొత్తం కణాల సంఖ్య తగ్గుతుందన్నది ఇప్పుడున్న వివరణల్లో ఒకటి.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఎస్ దశ మొదలయ్యాక కొత్త లైసెన్సు ఇవ్వడం కణానికి నిషిద్ధం. ఎదురెదురుగా వస్తున్న రెండు ఫోర్కులూ మధ్యలో ఆగిపోతే, వాటి నడుమ ఉన్న డీఎన్ఏను నకలు చేయడానికి అక్కడ ముందే లైసెన్సు పొందిన ఆరంభ స్థానం ఉండి తీరాలి. అందుకే కణం అవసరానికి మించి ఎన్నో రెట్లు ఎంసీఎంను తొడిగి పెట్టుకుంటుంది. మామూలు రోజుల్లో వాటిలో ఎక్కువ భాగం పనిచేయకుండానే ఊడిపోతాయి. 2007లో బ్లో బృందం, 2008లో స్పెయిన్‌లో హువాన్ మెండెజ్ బృందం ఎంసీఎంను బాగా తగ్గించి చూశాయి. కణాలు మామూలుగానే పెరిగాయి. కానీ ఫోర్కులను కొద్దిగా నెమ్మదింపజేసే మందు వేయగానే, మామూలు కణాలు తట్టుకున్న మోతాదుకే ఇవి దెబ్బతిన్నాయి. క్యాన్సర్ సంగతి కూడా పూర్తిగా వేరు కాదు. 2007లోనే ఎంసీఎం4లో ఒక్క అమైనో ఆమ్లం మారిన ఎలుకల్లో రొమ్ము క్యాన్సర్లు వచ్చాయని ప్రచురించారు, ఆ ఎలుకల కణాల్లో ఎంసీఎం పరిమాణం తగ్గి ఉంది. కాబట్టి లైసెన్సులు తగ్గినా జన్యుపదార్థం చెదురుతుంది.

కలరా_క్రోమోజోములు

బాక్టీరియాను వదలవద్దని ఒక మాట చెప్పడానికి వచ్చాను. కలరా బాక్టీరియా విబ్రియో కలరేకు రెండు క్రోమోజోములున్నాయి. పెద్దది సుమారు 30 లక్షల బేస్ జంటలు, చిన్నది సుమారు 10 లక్షలు. రెండూ ఒకేసారి మొదలుపెడితే చిన్నది ఎంతో ముందే అయిపోవాలి, కానీ రెండూ దాదాపు ఒకేసారి ముగుస్తాయి. పెద్ద క్రోమోజోము మీద సీఆర్‌టీఎస్ అనే చిన్న వరుస ఒకటి ఉంది. ఫోర్కు ఆ వరుసను దాటి అది రెండు నకళ్ళయినప్పుడే చిన్న క్రోమోజోము మొదలుపెడుతుంది. ధ్రువ చట్టోరాజ్ బృందం 2014లో ఈ సంబంధాన్ని చూపింది. 2016లో పారిస్ పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ బృందం ఆ వరుసను పెద్ద క్రోమోజోము మీద వేరే చోటికి మార్చితే, చిన్న క్రోమోజోము మొదలయ్యే వేళ కూడా దానికి తగ్గట్టు మారిందని చూపింది.

కణం కాలాన్ని ఎలా కొలుస్తుందన్న ప్రశ్నకు ఇంత సూటి జవాబు ఇంకెక్కడా లేదని నా నమ్మకం. మీ థీసిస్‌లో నేర్చిన పద్ధతులన్నీ ఇక్కడ నేరుగా పనికొస్తాయి. మన దేశానికి తిరిగివచ్చి ల్యాబ్ పెట్టుకోవాలనుకుంటే ఖర్చు కూడా తక్కువ.

మొగ్గఈస్ట్

విబ్రియో పని అద్భుతమైనదే. అయితే చర్చ పెట్టినవారు కేంద్రకం ఉన్న కణాల్లోకి రావాలనుకుంటున్నారు, ఫైబర్ గారు ఎత్తిన వైపు నుంచి చూస్తే నా సలహాను కొంచెం మారుస్తాను. రెండోసారి జరగకుండా ఆపడం గురించి మనకు చాలా తెలుసు. ఒక్కసారి పూర్తిగా జరిగేలా చూడడం గురించి తెలిసింది తక్కువ. తగినన్ని ఉంగరాలు తొడగడం అయిందని కణానికి ఎలా తెలుస్తుంది? గాజు గొట్టంలో ఈ ప్రశ్న అడగడమే కష్టం, అక్కడ ఎంత వేయాలో నిర్ణయించేది మనమే కదా.

హైదరాబాద్_ఈకోలై

మొగ్గఈస్ట్ గారు అడిగిన ప్రశ్నే రెండు రోజులుగా నన్ను పట్టుకుంది. నేను చదివినంతలో, మామూలు మనిషి కణాల్లో లైసెన్సింగ్‌ను తగ్గిస్తే అవి జీ1లోనే ఆగిపోతాయి, చాలా క్యాన్సర్ కణాలు ఆగకుండా అరకొర లైసెన్సులతోనే ఎస్ దశలోకి దిగి దెబ్బతింటాయి. నార్త్ కరోలినాలో జీనెట్ కుక్ బృందం 2017లో, జీ1 చాలా చిన్నగా ఉండే మూలకణాలు ఎంసీఎంను ఎంతో వేగంగా తొడుగుతాయని చూపింది. 2019లో అదే బృందం, విభజన ఆపి విశ్రాంతిలో ఉండి మళ్ళీ లేచిన కణాలు తమ మొదటి చక్రంలో తక్కువ లైసెన్సులతోనే ఎస్ దశలోకి వెళ్తాయనీ, జీ1లో ఆపే ఆ కాపలా అప్పుడు సరిగా పనిచేయదనీ చూపింది. కాపలా ఉందని తెలిసింది కానీ అది దేన్ని కొలుస్తోంది? తొడిగిన ఉంగరాలనా, తొడగకుండా మిగిలిన సీడీటీ1నా, లేక ఖాళీగా ఉన్న ఓఆర్‌సీనా? ఈ. కోలైలో ఏటీపీతో ఉన్న డ్నాఏ పాళ్ళను కొలవడం మాకు నిత్యం చేసే పని, కనుక కణం దేన్ని లెక్కపెడుతుందన్న దృష్టితో చూడడం నాకు అలవాటే.

మనిషి కణాల ల్యాబ్‌కే దరఖాస్తు చేయాలని అనుకుంటున్నాను. పోస్ట్‌డాక్‌లకు డబ్బిచ్చే అంతర్జాతీయ ఫెలోషిప్పుల్లో హెచ్‌ఎఫ్‌ఎస్‌పీది మూడేళ్ళు, ఎంబోది రెండేళ్ళ వరకు. రెండింటికీ ప్రాజెక్టు ప్రతిపాదన ఇదే ప్రశ్న మీద రాస్తాను. మొదటి ఆరు నెలల్లో ఏ కొలత నేర్చుకోవాలో ఫైబర్ గారు చెప్పగలరా?

తిరిగివచ్చిన_పరిశోధకుడు

ఫైబర్ గారి కంటే ముందు నాది ఒక్క మాట. విదేశాల్లో పోస్ట్‌డాక్ చేసి వచ్చి ఇక్కడ ల్యాబ్ నడుపుతున్నాను. చేరే ముందే, ఈ ప్రశ్నలో ఏ భాగాన్ని మీతో తీసుకెళ్ళవచ్చో అక్కడి గైడుతో స్పష్టంగా మాట్లాడుకోండి. వెళ్ళేటప్పుడు అడగడం మొహమాటంగా ఉంటుంది, చేరే ముందు అడిగితే ఎవరూ తప్పుగా అనుకోరు. రెండోది, మీరు నిర్మించే కణజాతులను రాతపూర్వక ఒప్పందంతో తెచ్చుకోండి. ప్రశ్న తెచ్చుకుని పనిముట్లు తెచ్చుకోకపోతే మొదటి రెండేళ్ళు వాటిని మళ్ళీ తయారుచేయడానికే సరిపోతాయి.

ఫైబర్_గీతలు

ఫైబర్ పరీక్ష గురించి అంత చెప్పాను కానీ మీ ప్రశ్నకు మొదట కావలసింది అది కాదు. ఒక్కొక్క కణంలో డీఎన్ఏకు తొడిగిన ఎంసీఎం ఎంత ఉందో కొలిచే ఫ్లో సైటోమెట్రీ కావాలి.

కణాలకు ముందుగా ఈడీయూ (కొత్తగా తయారయ్యే డీఎన్ఏలో చేరి గుర్తుగా నిలిచే పదార్థం) ఇచ్చి, ఎస్ దశలో ఉన్నవి ఏవో గుర్తు పెట్టుకోండి. ఆ తర్వాత ఫిక్స్ చేయడానికి ముందు, మంచు మీద ఉంచి డిటర్జెంటుతో కొద్ది నిమిషాలు కడగండి. తొడగని ఎంసీఎం కణంలోంచి కారిపోతుంది, తొడిగినది మిగులుతుంది. మొగ్గఈస్ట్ గారి ఉప్పు కడుగు వెనుక ఉన్న తర్కమే ఇది. అప్పుడు ఫిక్స్ చేసి, ఎంసీఎం2 యాంటీబాడీ, డీఎన్ఏ రంగు వేసి, గ్రాఫులో ఎంసీఎంను పైకి, డీఎన్ఏను కుడివైపుకు పెట్టి చూస్తే, జీ1 కణాలు కింది నుంచి పైకి నిలువు స్తంభంలా కనిపిస్తాయి. కింద ఉన్నవి ఇంకా లైసెన్సు తీసుకోనివి, పైన ఉన్నవి నిండుగా తీసుకున్నవి. ఎస్ దశలోకి దిగుతున్న కణాలు ఆ స్తంభంలో ఏ ఎత్తు నుంచి కుడివైపుకు తిరుగుతున్నాయో చూడండి. కాపలా పనిచేస్తే అన్నీ పైనుంచే తిరుగుతాయి. లేకపోతే మధ్యలోంచి కూడా తిరుగుతాయి.

కణజాతుల్లో ఆర్‌పీఈ1 అనే మనిషి కణజాతిని తప్పక పెట్టుకోండి, అది క్యాన్సర్ నుంచి వచ్చింది కాదు, కాపలా అందులో ఉంటుంది. పోల్చడానికి ఏదో ఒక క్యాన్సర్ కణజాతి చాలు. ఆ తర్వాత సీడీటీ1ను, ఓఆర్‌సీని, ఎంసీఎంను విడివిడిగా ఒకే స్థాయికి తగ్గించి, స్తంభం ఎత్తు సమానంగా ఉన్నప్పుడు కూడా జీ1లో ఆగే సమయం వేరువేరుగా ఉంటుందా అని చూడండి. సమానంగా ఉంటే కణం ఉంగరాలనే లెక్కపెడుతోందని అనుకోవచ్చు. వేరుగా ఉంటే మీరు అడిగిన మిగతా రెండింటిలో ఒకదాని వైపు వెళ్ళాలి. డిటర్జెంటు మోతాదును మాత్రం ప్రతి కణజాతికీ విడిగా సరిచూసుకోండి. తక్కువైతే తొడగని ఎంసీఎం మిగిలిపోయి అందరూ నిండుగా లైసెన్సు తీసుకున్నట్టే కనిపిస్తారు, ఎక్కువైతే కేంద్రకాలే చితికిపోతాయి. ఎంసీఎం2తో పాటు, తొడిగి ఉండని వేరే కేంద్రక ప్రోటీను ఒకదాన్ని కూడా ప్రతిసారీ చూస్తే కడుగు సరిపోయిందో లేదో అక్కడికక్కడే తెలిసిపోతుంది.